ఈరక్క కంబళి

రాయచెర్లులో గొర్రెలు కాస్తూ పీయూసీ చదివే పిల్ల పుష్పావతి. సోలార్ ప్లేట్లు వచ్చాక ఊరి చుట్టూ చెట్లు పోయాయి. కంచె పక్కన మిగిలిన బీడులోనే మేత. మిట్టమధ్యాహ్నం గొర్రెలన్నీ ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి నిలబడేవి. అయినా ఎండకు ఆమె మందలో ఒక్కటీ పడిపోలేదు. అది అవ్వ ఈరక్క నల్లకంబళి మహిమ. అవ్వా మనవరాలూ చెరో కొస పట్టుకుని విదిలిస్తే, మబ్బు తునక లేకున్నా మంద మీదికి నీడ వచ్చి వాలేది.

అవ్వకు మోకాళ్లు పట్టేశాక రెండో కొస సింధుశ్రీ పట్టుకుంది. సోలార్‌కు భూమి ఇచ్చిన రైతు చిక్కన్న కూతురామె, పుష్పావతి క్లాసే. మొదటిరోజు ఎగతాళి చేయడానికే వచ్చింది. నీడ పడగానే ఎగతాళి మరిచి తల పైకెత్తి చూసింది. “ఇంగోసారి విదిలిద్దామే,” అంది. ఆ రోజు నుంచి ఆ కొస వదల్లేదు.

ఈ ఎండల్లో అవ్వ పోయింది. కంబళి ఎవరికి దక్కితే మందా వాళ్లకే. అది వాళ్ల కట్టుబాటు. అవ్వ కొడుకు కదిరయ్య అప్పుడే గొర్రెలకు బేరం మాట్లాడి పెట్టుకున్నాడు. దినాలు కాగానే కులపెద్ద పెద్దతిమ్మప్ప అందరినీ బీడుకు పిలిచాడు.

“ఆడపిల్ల భుజాన కంబళి ఏందప్పా! యాడన్నా చూసినామా?” అన్నాడు కదిరయ్య.

“మా అవ్వ భుజాన చూల్యా చిన్నాయినా?” అంది పుష్పావతి.

“అమ్మ నా కోసరం దాచిపెట్టింది.”

“బాగా దాచింది మామా, బతికినన్నాళ్లూ కప్పుకోని!” అంది సింధుశ్రీ. జనం నవ్వారు.

“చిక్కన్న కూతురా, నీకేం పని ఈడ? గొర్రె వాసన కొడ్తాందని మీ ఇంట్లో తరమరా?” అన్నాడు కదిరయ్య.

“మాయమ్మ తలకు పోసి రుద్దింది. వాసన పోల్యా. నేనూ పోను.”

“నీడ ఎవరికొస్తే మంద వాళ్లది తాతా,” అంది పుష్పావతి. పెద్దతిమ్మప్ప తలూపాడు.

కదిరయ్య కంబళిని నేలమీద పరిచి, పంచాయితీలో మగవాళ్లు కూర్చున్నట్టు మధ్యలో దర్జాగా కూర్చున్నాడు. ఎండ నడినెత్తిన మండింది. తిరగేసి పరిచాడు. గొర్రెలు ఒకదాని కింద ఒకటి ఇంకా నక్కాయి.

“మహిమ ముసిల్దాంతోనే పోయింది!” అని లేచాడు.

అమ్మాయిలిద్దరూ చెరో కొస అందుకున్నారు. పెద్దతిమ్మప్ప చెయ్యెత్తాడు. “ఆ యమ్మి మన కులం కాదు. పక్కకు పొమ్మను. నువ్వొక్కదానివే విదిలించు.”

పుష్పావతి మంద వైపు చూసింది. కాదంటే అవన్నీ రేపు లారీ ఎక్కుతాయి. సింధుశ్రీ వేళ్లు కొస మీద సడలాయి.

“వదలొద్దే!” అంది పుష్పావతి. తర్వాత పెద్దాయన వైపు తిరిగింది. “ఇది ఒక్కరు చేసే పని కాదు తాతా. మీరు కప్పుకున్నారే గానీ ఎప్పుడన్నా విదిలించినారా? విదిలించింటే తెలిసుండేది.”

ఇద్దరూ బలంగా విదిలించారు. దుమ్ము లేచింది. మంద మీద నీడ వాలింది. అంతటితో ఆగలేదు. కంచె దాటి, ప్లేట్ల వరసల మీద పాకుతూ పోయింది. లోపలినుంచి సెక్యూరిటీ మనిషి ఆకాశంలో మబ్బు కోసం వెతుకుతూ పరిగెత్తుకొచ్చాడు.

“కరెంటు పడిపాయ! మోడం యాడుండాది?”

“ఈడుండాదిలే అన్నా,” అంది సింధుశ్రీ, కొస ఊపుతూ.

గొర్రెలు ఒక్కొక్కటే తలలు బయటికి తీశాయి. పెద్దతిమ్మప్ప నీడలోకి జరిగాడు. కదిరయ్య చెయ్యి చాచాడు. “సరే, మంద పెట్టుకో. కంబళి మాత్రం మగోని ఇంట్లో ఉండల్ల.”

పుష్పావతి కంబళిని మడిచి భుజాన వేసుకుంది.

“ఎండైతే రా చిన్నాయినా, నీడలో కూచో. కొస మాత్రం ఇయ్యం.”