చదవనివాళ్ళ సంతకాలు

ఆ ఆస్పత్రిలో లైబ్రరీ ఎక్కడుందని అడిగితే బట్టలుతికే గదికి దారి చూపిస్తారు. వాళ్ళ తప్పేం లేదు, రెండిటికీ మధ్య ఉన్నది ఒక్క గోడే. పొద్దున్న తొమ్మిదింటికి లైబ్రరీ చూసుకునే ఆమె తాళం తీసేసరికి అవతల యంత్రాలు మొదలవుతాయి, ఇవతల బీరువాల అద్దాలు గజగజలాడతాయి. ఇరవయ్యారేళ్ళుగా ఆమె ఆ చప్పుడు మధ్యే కూర్చుంటోంది. అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. ఆస్పత్రి మొత్తానికి ఆమె పుస్తకాలక్క.

పుస్తకాలక్క ఉద్యోగం చెప్పుకోవడానికి తేలిక. నర్సుల చేత చదివించాలి. వైద్యంలో రోజూ ఏదో ఒకటి మారుతూనే ఉంటుంది. అది మంచం పక్కన నిలబడే మనిషికి తెలియకపోతే ఎంత అచ్చేసి ఏం లాభం? డాక్టర్లకు వాళ్ళ గదుల్లో కంప్యూటర్లున్నాయి. నర్సులకున్నది ఈ గదీ, ఇందులో ఒక పాత కంప్యూటరూ, ఈమే. అందుకని గోడలకు కాగితాలు అంటించింది, వారానికో క్లాసు పెట్టింది, కొత్తగా చేరిన ప్రతి పిల్లనీ చెయ్యి పట్టుకుని తెచ్చి వెతకడం నేర్పింది. అంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పాపం చెవులదీ తప్పు కాదు. నలభై మంచాలకు నలుగురు నర్సులుంటే మంచినీళ్ళు తాగడానికే తీరిక ఉండదు, ఇక చదువెక్కడ? వచ్చే ఒకరిద్దరూ కుర్చీలో కూలబడి పావుగంట కునుకు తీసేవాళ్ళు. ఆమె లేపేది కాదు, ఫ్యాను కాస్త వాళ్ళవైపు తిప్పేది. అలసిపోయినవాళ్ళకు హితబోధ చేసే ఓపిక ఆమెకూ ఎప్పుడో అయిపోయింది.

ఈ ఏడు పైనుంచి కాగితం వచ్చింది. మూడు నెలలపాటు రోజుకు పదిమంది నర్సులైనా లైబ్రరీకి వచ్చినట్టు రిజిస్టరులో కనిపించాలి. లేదంటే గది బట్టలవాళ్ళకు పోతుంది, ఆమె పాత కేసు కాగితాల విభాగానికి పోతుంది. సూపరింటెండెంటుగారు ఆ మాట కటువుగా ఏం చెప్పలేదు. దుప్పట్లు పెట్టుకోవడానికి చోటు లేదమ్మా, మీరే చెప్పండి అన్నాడు. ఉద్యోగం చివర్లో దుప్పట్లతో పోటీ పడాల్సి వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

రానివాళ్ళ దగ్గరికి తానే వెళ్ళాలనుకుంది. బట్టల గదిలో మూలపడ్డ తోపుడుబండి ఒకటి అడిగి తెచ్చుకుని, దానిమీద పుస్తకాలు, ప్రింటు తీసిన వ్యాసాలు, రిజిస్టరు పెట్టుకుని మోకాళ్ళ నొప్పితో వార్డు వార్డూ తిరిగింది. బండి కీచుమంటే మందులొస్తున్నాయనుకుని రోగులు లేచి కూర్చునేవాళ్ళు. నర్సులు మాత్రం నవ్వి రేపు చూస్తాం అనేవాళ్ళు. ఆ రేపు ఎంత దూరమో ఆమెకు తెలుసు.

మెడికల్ వార్డులో ఒక్క పిల్ల బండి పట్టుకుని ఆపింది. అందరూ ఆ పిల్లను పొట్టి సిస్టర్ అంటారు. పదహారో మంచం మీద ఒక ముసలావిడ ఉంది. సెలైను ఎక్కించడానికి చేతికి పెట్టిన గొట్టం వాపూ నొప్పీ లేకుండా బాగానే పనిచేస్తున్నా, మూడు రోజులు కాగానే తీసేసి మరోచోట గుచ్చాలని వార్డులో పద్ధతి. ముసలావిడకు నరం దొరకదు. మొన్న ఐదుసార్లు గుచ్చితే గానీ అందలేదు.

"బాగున్నదాన్ని పీకి మళ్ళీ గుచ్చడం ఎందుకక్కా?" అంది పొట్టి సిస్టర్. "ఇన్‌ఛార్జి సిస్టర్‌ని అడిగితే ఎప్పట్నుంచో ఇంతే అంటారు. ముసలావిడ నా చెయ్యి చూస్తేనే ఏడుస్తోంది."

ఇరవయ్యారేళ్ళలో ఎవరూ ఆమెను అంత సూటిగా ఏదీ అడగలేదు. రెండు రోజులు పాత కంప్యూటరు ముందు కూర్చుని కళ్ళు లాగేదాకా వెతికింది. రోజూ జాగ్రత్తగా గమనిస్తూ, ఇబ్బంది కనిపించినప్పుడే మార్చితే సరిపోతుందని వందలమంది రోగుల మీద పరీక్షించి తేల్చిన వ్యాసాలు దొరికాయి. వాటి సారం ఒక పేజీలో తేలిక మాటల్లో రాసిచ్చింది. పొట్టి సిస్టర్ దాన్ని ఇన్‌ఛార్జి సిస్టర్ చేతిలో పెట్టింది. ఆవిడ చదవకుండానే నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుందట.

ఇన్‌ఛార్జి సిస్టర్ గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. అసలు చిక్కంతా ఆ మనసుతోనే వచ్చింది. ఒకరోజు బండి చక్రం ఊడిపోతే పుస్తకాలక్క దాన్ని మెడికల్ వార్డులోనే వదిలేసి వచ్చింది. వారానికి బండి బాగుపడి వచ్చింది, రిజిస్టరు నిండి వచ్చింది. రోజుకు పది, పన్నెండు సంతకాలు, ఎదురుగా టైము పదకొండు గంటలు. ఆ వారంలో ఒక్కరూ లైబ్రరీ గుమ్మం తొక్కలేదు. అందులో సగం ఎర్ర సిరా సంతకాలు. వార్డుల్లో పగటి డ్యూటీవాళ్ళు నీలం సిరాతో, రాత్రి డ్యూటీవాళ్ళు ఎరుపుతో రాస్తారు. రాత్రంతా మేలుకున్న పిల్లలు పగలు పదకొండింటికి ఇంట్లో పడి నిద్రపోతుంటారు గానీ లైబ్రరీకి ఎందుకొస్తారు? డ్యూటీ మారే వేళ ఇన్‌ఛార్జి సిస్టర్ నిలబెట్టి అందరిచేతా పెట్టించిందని ఆమెకు అర్థమైంది. చదవడానికి తీరిక లేదు గానీ, సంతకానికి ఎంతసేపు? ఆమెకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

అప్పుడే చించి పారేయాల్సింది. కానీ అలిసిపోయిన మనిషికి అబద్ధం కూడా కాసేపు కూర్చోవడానికి కుర్చీలాగే కనిపిస్తుంది. చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆ తర్వాత వారం వారం రిజిస్టరు వార్డులో మరిచిపోవడం అలవాటు చేసుకుంది. మూడు నెలలయ్యాక ఆఫీసుకు పంపింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మెడికల్ వార్డులో ఒకరోజు పదకొండింటికి గంట నొక్కితే ఎవరూ రాలేదని ఎవరో రోగి కొడుకు ఫిర్యాదు రాశాడు. సూపరింటెండెంటుగారు రిజిస్టరు తీసి చూశాడు. ఆ వేళకు ఆ వార్డు నర్సులంతా లైబ్రరీలో ఉన్నారు! డ్యూటీ వదిలి వెళ్ళినందుకు పన్నెండుమందికి మెమోలు సిద్ధమయ్యాయి. అవి సర్వీసు ఫైల్లో పడితే మళ్ళీ పోవు. ఇన్‌ఛార్జి సిస్టర్‌కు ఈ ఏడే ప్రమోషన్ రావాలి, ఇక అది రానట్టే. లైబ్రరీకి మాత్రం లెక్క సరిపోయింది గనుక గది ఉంటుందని కబురొచ్చింది.

ఇన్‌ఛార్జి సిస్టర్ నడవాలో కనిపించి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నువ్వు నోరు విప్పకక్కా," అంది, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో. "నీ గది నీకుంది కదా. మా సంగతి మేం చూసుకుంటాం."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా కూర్చుంది. భర్త ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. బీన్సు ఈనెలు తీస్తూ కథంతా విన్నాడు. మధ్యలో అడ్డు రాలేదు, అది ఆయనకు కొత్త.

"టికెట్లు చింపినంత మాత్రాన బస్సులో జనం ఉన్నట్టు కాదే," అన్నాడు చివరికి. "నీకు సంతకాలు కావాలా, చదివేవాళ్ళు కావాలా?"

"చదివేవాళ్ళు ఎక్కడున్నారండీ?"

ఆయన ఇంకో గుప్పెడు బీన్సు తీసుకున్నాడు.

మర్నాడు ఆమె సూపరింటెండెంటుగారి ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన నమ్మలేదు. నర్సుల్ని కాపాడటానికి కట్టుకథ చెబుతున్నారన్నాడు. అప్పుడామె రిజిస్టరు తెరిచి ఎర్ర సంతకాలు చూపించింది.

"రాత్రి డ్యూటీవాళ్ళు పగలు పదకొండింటికి ఎలా వస్తారండీ? అసలు ఈ మూడు నెలల్లో వచ్చింది పదకొండుమంది. అందులో ఏడుగురు నిద్రపోవడానికి వచ్చారు."

ముప్ఫై ఏళ్ళుగా నర్సుల రాతలు చదివి సంతకం పెడుతున్న ఆ డాక్టరుకు రెండు రంగులు ఎందుకో ఆరోజే తెలిసింది. ఆమె చెప్పిందంతా కాగితం మీద రాసివ్వమన్నాడు. ఇది రాస్తే గది పోతుందని కూడా, పాపం, మెల్లగా గుర్తుచేశాడు. ఆమె నిలబడే రాసిచ్చింది. మెమోలు ఆగిపోయాయి. రిజిస్టరు సాక్ష్యంగా ఆయన బీరువాలోకి వెళ్ళింది. తప్పు కళ్ళారా చూసి దాచినందుకు ఒక మెమో మాత్రం ఆమెకొచ్చింది. దానికి ఆమె బాధపడలేదు. ఆ మెమో న్యాయమైనదే.

గది ఖాళీ చేసే రోజు బట్టలవాళ్ళిద్దరు పొద్దున్నుంచీ బీరువాలు మోస్తున్నారు. మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇన్‌ఛార్జి సిస్టర్ వచ్చింది. ఇన్నేళ్ళలో ఆ గుమ్మం దాటడం అదే మొదటిసారి. తిట్టడానికో ఏడవడానికో వచ్చిందనుకుంది పుస్తకాలక్క. ఆవిడ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్లమీద పెట్టింది. పదహారో మంచం ముసలావిడ మళ్ళీ వార్డులో చేరిందట, నిన్న గొట్టం పెట్టబోతే చెయ్యి దుప్పటి కింద దాచుకుందట. ఇక చూడలేక రౌండ్సులో డాక్టరుకు ఈ కాగితంలోది చెప్పిందట. ఎవరు చేశారు, ఎంతమంది మీద చేశారు అని ఆయన అడిగితే రేపు చెబుతానందట.

"అసలు వ్యాసం కావాలక్కా," అంది. "రేపు రౌండ్సుకి నేను జవాబు చెప్పాలి. ఎల్లుండికి ఆవిడకి మూడు రోజులు."

కంప్యూటరు ఇంకా బల్లమీదే ఉంది. వ్యాసం వెతికి తీశాక ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఇన్‌ఛార్జి సిస్టర్ లైను కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, తెలియని మాట వచ్చినచోట ఆగి అడుగుతూ చదివింది. గంట పట్టింది. ఒక్కసారి కూడా ఆవలించలేదు. అయ్యాక కళ్ళు నలుపుకుని, అలవాటు కొద్దీ జేబులోంచి పెన్ను తీసింది.

"సంతకం ఎక్కడ పెట్టాలి?"

రిజిస్టరు లేదు. పుస్తకాలక్క రెండో వ్యాసం తెరిచి ఆవిడ ముందుకు జరిపింది. బీరువాలన్నీ అయిపోయి బట్టలవాళ్ళు బల్లకు చెరోవైపు వచ్చి నిలబడ్డారు.

"అది ఆఖర్న తీసుకెళ్దురుగాని," అంది ఆమె. "మనిషి చదువుకుంటోంది."