నీలకేతు మెడ వదులు

మా నానమ్మ భాగ్యమ్మకు పుట్టి బుద్ధెరిగాక వంక లేని వస్తువు ఒక్కటీ కనబడలేదు. పోచంపల్లిలో మగ్గం పక్కన పెరిగిన మనిషి కాబట్టి చీర చేతికిస్తే ముందు తిరగేసి వెనకవైపు చూస్తుంది. అక్కడితో ఆగితే బాగుండేది. అప్పడాన్నీ తిరగేస్తుంది, పెళ్ళి శుభలేఖనూ తిరగేస్తుంది. కొత్తపేట రైతుబజారులో ఆమె రావడం చూస్తే అండాలమ్మ వంకాయల గంప మీద గోనెసంచి కప్పేస్తుంది.

"ఏందే, వంకాయ మొఖంల కళే లేదు?"

"పెండ్లి చేస్తవా అవ్వా దానికి?"

విచిత్రం ఏమిటంటే, వంక పెట్టిన వస్తువును ఆమె ఏనాడూ వదిలి రాలేదు. ఆ కళ లేని వంకాయలే సంచిలో వేసుకుంటుంది. మా అమ్మను చూడటానికి వెళ్ళినప్పుడు కూడా "నడక వంకర, నవ్వు పెద్దది, చాయ్‌ల చక్కెర ఎక్కువ" అని ఆడపెళ్ళివారి ముందే చెప్పి, అదే నోటితో ముహూర్తం ఎప్పుడని అడిగిందట.

అలాంటి నానమ్మ ఒక ఆదివారం మా శ్రవణ్ అన్న వెంట పడింది.

శ్రవణ్‌కు ఉద్యోగం ఉంది, మీసం ఉంది, అల్మారాలో సూపర్‌హీరో బొమ్మలూ ఉన్నాయి. పిల్లలు ఆడుకునేవి కావు, పెద్దలు దాచుకునేవి. ఆ బొమ్మల జట్టు పేరు ఆకాశదళం, అందులో వీరులు ఆరుగురు. ఐదుగురు మన్సూరాబాద్‌లోని మా ఇంటికి చేరారు. ఆరోవాడు నీలకేతు. వాణ్ణి తయారు చేయడం కంపెనీ ఎప్పుడో మానేసింది. శ్రవణ్ మాత్రం వాడి చోటు ఖాళీగా ఉంచి, రోజూ దుమ్ము తుడిచేవాడు. చివరికి దిల్‌సుఖ్‌నగర్‌లో వంశీకృష్ణ అనే అతను అమ్ముతున్నాడని తెలిసింది. ఇక శ్రవణ్‌కు కంటి మీద కునుకు లేదు. నకిలీదైతే? కీళ్ళు వదులైతే? కళ్ళ దగ్గర రంగు పులిమినట్టుంటే? ఇన్ని భయాల మీద ఇప్పుడు నానమ్మ ఒకటి.

"నువ్వెందుకు నానమ్మా?"

"బొమ్మైనా చీరైనా ఎనక చూసి కొనాలె. నీకు చూడొస్తదా?"

"నువ్వు వంకలు పెడితే కోపమొచ్చి వేరేటోళ్ళకు ఇచ్చేస్తరు. నోరు తెరవకు, నీ కాళ్ళు మొక్కుత."

"నేనేం మాట్లాడుత?" అంది నానమ్మ. ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కీ ఎక్కగానే, కిటికీ తెరవరాని బండి ఏం బండని అడిగింది.

చాయ్ హోటల్లో వంశీకృష్ణ, అతని తండ్రి వెంకటేశ్వరరావు కూర్చుని ఉన్నారు.

"తీసుకెళ్ళండి బాబూ! వచ్చే నెల మావాడి పెళ్ళి. ఇంకా ఈ బొమ్మలేంటండీ? కోడలు చూస్తే నవ్విపోదూ?" అన్నాడు తండ్రి. వంశీకృష్ణ పెట్టెలోంచి నీలకేతును తీసి, చుట్టిన మెత్తటి తువ్వాలు విప్పాడు.

శ్రవణ్ చిన్న టార్చి తీశాడు. పెట్టె మూలలు నలగలేదు. అరికాలి కింద కంపెనీ ముద్ర అసలుదే. మోకాలు వంచితే టక్కుమని ఆగింది. కనుపాప రంగు గీత దాటలేదు. మెడ అటూ ఇటూ తిప్పి చూశాడు, గట్టిగా ఉంది.

"ఇటియ్యి," అంది నానమ్మ.

శ్రవణ్ వదల్లేక వదల్లేక బొమ్మను ఆమె చేతికిచ్చాడు. నానమ్మ నీలకేతును తిరగేసింది, తలకిందులు చేసింది, భుజాల మీది నీలం గుడ్డను వెలుగుకు పట్టింది. ముక్కు పెద్దదంటుందా? కాళ్ళు సన్నమంటుందా? ఆమె ఏమీ అనలేదు. చాయ్ మీద మీగడ కట్టింది. అయినా అనలేదు. శ్రవణ్‌కు ఇంకా భయమేసింది.

నానమ్మ బొమ్మను బల్ల మీద పెట్టబోయింది. అక్కడ చాయ్ తడి ఉంది. వంశీకృష్ణ చప్పున అరచెయ్యి దాని కింద పెట్టాడు. నానమ్మ ఆ చేతివంకే కాసేపు చూసింది.

"మెడ వదులుంది. వద్దు. లే, పోదాం."

"లేదు నానమ్మా!" శ్రవణ్ దాదాపు ఏడ్చాడు.

వెంకటేశ్వరరావు మొహం ఎర్రబడింది. "అదేంటమ్మా అలా అంటారు? మావాడు పసిబిడ్డలా చూసుకున్నాడండీ దాన్ని!"

"పసిబిడ్డను ఎవలన్న అమ్ముతరా? గీ మెడ వదులుదాన్ని నలుగురికి చూపిస్తే మీ ఇంటి పేరే పోతది."

"మా బొమ్మకేం లోటండీ! మా ఇంట్లోనే ఉంటుంది! కోడలికి కూడా నేనే చూపిస్తా!" ఆయన నీలకేతును లాక్కుని, తువ్వాలు చాలనట్టు తన జేబురుమాలు కూడా చుట్టాడు. "పదరా వంశీ! వీళ్ళకిచ్చేదేంటి?"

వంశీకృష్ణ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి నానమ్మకు రెండు చేతులూ జోడించాడు.

మెట్రో మెట్ల మీద శ్రవణ్ పేలాడు. "మెడ గట్టిగనే ఉంది! నేను చూసిన!"

"నువ్వు బొమ్మ మెడ చూసినవ్. నేను ఆ పిలగాని చెయ్యి చూసిన."

"మరి బొమ్మల వంకేం లేదా?"

"ఉంటే తెచ్చుకోకపోదునా?"

"నా ఆరోవాడు?"

"పాండవులు ఎందరురా?"

"ఐదుగురు."

"ఆళ్ళు యుద్ధం గెల్వలేదా?"

శ్రవణ్ మూతి ముడుచుకునే ఇల్లు చేరాడు. నానమ్మ నేరుగా అల్మారా తెరిచి, ఐదుగురినీ ఒక్కొక్కరినే తిరగేసింది. ఒకడికి నడుమే లేదంది. ఒకడిది దొంగచూపంది. ఒకడు తిండి లేక ఎండిపోయాడంది. ఖాళీ చోటు కనబడకుండా వాళ్ళను కాస్త ఎడంగా జరిపి నిలబెట్టింది. తర్వాత శ్రవణ్‌ను కిందినుంచి పైదాకా చూసింది.

"వీనికైతే చెవులు పెద్దగ, తెలివి చిన్నగ."

శ్రవణ్‌కు నవ్వాగక పళ్ళన్నీ బయటపడ్డాయి.

"పండ్లు సుత వంకరే," అంది నానమ్మ.