దాపల బ్రేకు

కరోనా కాస్త తెరిపి ఇచ్చిన ఏడాది, కార్తీకమాసంలో, నన్ను విజయనగరం జిల్లాలోని ఒక చిన్న కార్యాలయానికి మోటారు వాహన తనిఖీ అధికారిగా వేశారు. ఆ హోదా పలకడానికి ఒక గుక్క చాలదు కాబట్టి జనం దాన్ని అరగదీసి 'బ్రేకు ఇన్‌స్పెక్టరు' అంటారు. కింద సహాయ అధికారి, పైన రవాణా అధికారి, మధ్యలో నేను. బండి రోడ్డెక్కడానికి తగినదా కాదా అని చూసి ఫిట్‌నెస్ పత్రం మీద సంతకం పెట్టడం నా పని. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను తొక్కిన బ్రేకులన్నీ ఒక్కసారిగా తొక్కితే భూమి తిరగడం ఆగిపోయి, శ్రీకాకుళంలో మూడు రోజులు మిట్టమధ్యాహ్నమే ఉండిపోతుంది. యాభై నాలుగో ఏట స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసింది భూమి మీద జాలితోనే అని కొందరంటారు. నేను ఖండించను.

ఆ నెలలో నా ముందుకొచ్చిన బండి ఒక బాప్టిస్టు చర్చి వారి మందుల వ్యాను. ప్రతి గురువారం సాలూరు దాటి కొండ కింద ఊళ్ళకి నర్సునీ మందులనీ మోసుకెళ్ళేది. వయసు నాకంటే నాలుగేళ్ళు తక్కువ, మర్యాద నాకంటే ఎక్కువ: హారన్ కొట్టకపోయినా దాని శబ్దానికి ఎదురుగా వచ్చే ఏనుగైనా పక్కకి తప్పుకుంటుంది. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. డ్రమ్మంటే చక్రంతో పాటు తిరిగే గిన్నె. దాని లోపల నెలవంకల్లాంటి రెండు 'షూ'లుంటాయి. పెడలు తొక్కగానే అవి విచ్చుకుని గిన్నె గోడని లోపలినుంచి ఒత్తి పట్టుకుంటాయి. షూలు అరిగేకొద్దీ గోడకి దూరమవుతాయి. ఆ దూరాన్ని మళ్ళీ తగ్గించడాన్నే 'బ్రేకు సెట్టింగు' అంటారు. దూరం రెండు పక్కలా సమానంగా ఉంటే బండి తిన్నగా ఆగుతుంది. ఒక పక్క బిగువై, రెండో పక్క వదులైతే బిగువు పక్కకి లాగుతుంది.

వ్యాను నడిపేది సూరినాయుడు, రైతు బిడ్డ, ఇరవై ఆరేళ్ళుగా ఆ ఒక్క స్టీరింగే పట్టుకున్నవాడు. బాగుచేసేది అతని చెల్లెలి మొగుడు సన్యాసిరావు, సాలూరు లారీ షెడ్డులో మెకానిక్కు. లారీ దగ్గితే వినే జబ్బు చెప్పగలడని పేరు.

మా పరీక్ష సులువైనదే. మైదానంలో సున్నంతో రెండు గీతలు. వాటి మధ్య గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో వచ్చి బ్రేకు తొక్కాలి. గీత దాటకుండా ఆగాలి. వ్యాను మొదటిసారి ఎడమ గీత దాటి ప్రహరీ గోడకి ఆరంగుళాల ఇవతల ఆగింది. గోడ ఆ రోజునుంచి కొంచెం వెనక్కి వాలి ఉందని మా గుమాస్తా ఇప్పటికీ వాదిస్తాడు. నేను తిరస్కరణ చీటీ మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను: 'బండి ఎడమకు లాగుచున్నది. ఎడమ బ్రేకు బిగువు తగ్గించి తేవలెను.'

పది రోజులకి తెచ్చారు. ఈసారి గీత దాటడమే కాదు, గేటు పక్కనున్న కొబ్బరి బొండాల బండి ముందు, దాహమేసి వచ్చినట్టు నిలబడింది. బొండాలవాడు కత్తి పారేసి పరుగెత్తిన దూరం కొలిచి ఉంటే ఏదో ఒక పతకం వచ్చేది. నేను అదే వాక్యం, ఇంకా గుండ్రటి అక్షరాలతో, మళ్ళీ రాశాను.

అప్పుడు నర్సు మార్తమ్మ నా బల్ల దగ్గరికొచ్చింది. మూడోసారి తప్పితే వ్యానుని తుక్కుకి అమ్మేయాలని చర్చి కమిటీ తీర్మానించిందని చెప్పింది.

"ఇంకో వ్యాను కొనే మాటే లేదు సారూ. ఇది పోతే గురువారం పోతాది. బీపీ మాత్రలకి నా కోసం సూసే ముసలోళ్ళు కొండ కింద నలభై మందున్నారు. ఆలకి నానేటి సెప్పాలి?"

మూడోసారి ఆ ముగ్గురితోపాటు నాలుగో మనిషి కూడా వచ్చాడు, తుక్కు వ్యాపారి. పుచ్చకాయ బేరానికొచ్చినవాడిలా వ్యాను చుట్టూ తిరుగుతూ వేళ్ళతో కొట్టి వింటున్నాడు. అతను కొట్టిన ప్రతి చోటా సూరినాయుడు జేబురుమాలుతో తుడుస్తున్నాడు.

పరుగు మొదలైతే నేను తీర్పు రాయాలి. అందుకని పరుగుకి ముందే, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టించి, ముందు చక్రాలు రెండూ జాకీల మీద లేపించాను. చేత్తో తిప్పి చూశాను. కుడి చక్రం రాట్నంలా తిరిగింది. తిప్పి వదిలి టీ తాగి వచ్చినా తిరుగుతూనే ఉండేది. ఎడమది పట్టుమని ఒక చుట్టు కూడా తిరగలేదు.

ఏ చక్రం వదులు చేశావని సన్యాసిరావుని అడిగాను.

"ఎడందే బాబూ. సీటీలో అదే కదా రాసినారు" అంటూ, వ్యానుకి ఎదురుగా గొంతుక్కూర్చున్న అతను ఎడమ చెయ్యి చాపాడు. సీటులో ఉన్న సూరినాయుడు కూడా ఎడమ చెయ్యే చాపాడు. రెండు ఎడమ చేతులూ రెండు వేర్వేరు చక్రాలని చూపించాయి.

"అదేటి బావా! ఎడమంటే ఇదిరా!" అన్నాడు సూరినాయుడు సీటులోంచే.

"నా ఎడం సెయ్యేదో నాకు తెల్దేటి? అన్నం కుడిసేత్తోనే తింతన్నాను!"

"నీ ఎడం ఎవుడిక్కావాల? బండి ఎడం కావాల!"

"బండికి సేతులున్నాయేటి?"

ఎదురుగా కూర్చున్న రోగికి ఎడమ చెయ్యేదో తనెప్పుడూ పొరబడలేదని మార్తమ్మ అందుకుంది.

"నీ రోగి సెయ్యి సాపుతాడు మార్తమ్మా, ఇది సాపుతాదేటి?" అన్నాడు సన్యాసిరావు.

ఎడమైనా కుడైనా తనకి తూకం ఒకటేనని తుక్కు వ్యాపారి మనవి చేసుకున్నాడు.

సూరినాయుడు దిగొచ్చాడు. "ఒరే బావా, మీ అయ్య నాగలి కట్టినప్పుడు దాపల ఎద్దు ఏ పక్కనుంటాదిరా?"

సన్యాసిరావు ఆలోచించలేదు. లేచి, వ్యాను చుట్టూ తిరిగి, దాని వెనక దున్నేవాడు నిలబడే చోట నిలబడి, ఎడమ పక్క రేకు మీద చరిచాడు. "ఇది దాపల. అది వలపల. ఇందులో అడగడానికేటున్నాది?"

కాడికి ఎడమ పక్క కట్టేది దాపల ఎద్దు, కుడి పక్క కట్టేది వలపల ఎద్దు. పేర్లు పెట్టింది వెనక నడిచే మనిషి. ఎద్దుల ముఖం చూస్తూ నిలబడి దాపల, వలపల అన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. సన్యాసిరావు పనిలో తప్పు లేదు. నేను రాసింది నమ్మి, రెండుసార్లూ తన ఎడమ చేతివైపు చక్రాన్నే, అంటే బండి కుడి చక్రాన్నే, శ్రద్ధగా వదులు చేశాడు. తప్పు నా ముత్యాల అక్షరాలది. కొత్త చీటీ తీసి రాశాను: 'వలపల బ్రేకు బిగించి దాపలతో జత చేయవలెను.'

నిబంధన ప్రకారం నేను పనిముట్టు ముట్టకూడదు. ముట్టలేదు, సన్యాసిరావు చేతికి చెబుతూ నోటితో బిగించాను. చక్రం వెనక రేకుకి బొటనవేలంత కంత ఉంటుంది. అందులోంచి స్క్రూడ్రైవరు దూర్చి లోపలి పళ్ళ చక్రాన్ని మీటాలి. ఒక్కో పన్ను దాటినప్పుడు టిక్కుమంటుంది. చక్రం చేత్తో కదలనంత వరకూ బిగించాలి. ఒకసారి పెడలు గట్టిగా తొక్కితే షూలు వాటి చోట్లో సర్దుకుంటాయి. తర్వాత సన్నగా ఒరుసుకుంటూ తిరిగేదాకా వదలాలి. రెండు పక్కలా ఒకే లెక్క: పూర్తిగా బిగించి, ఆరు టిక్కులు వెనక్కి. సన్యాసిరావు రెండు చక్రాలనీ మార్చి మార్చి తిప్పి, చెవి ఆనించి, వలపలని ఇంకొక్క టిక్కు వదిలాడు. ఎందుకని అడిగాను.

"గొంతు కలవలేదు బాబూ" అన్నాడు. అప్పుడు నేనూ విన్నాను. రెండూ ఒకే సర్‌సర్.

సూరినాయుడు సీటెక్కాడు. పక్కన మార్తమ్మ మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. వ్యాను ముప్పై మీద వచ్చింది. బ్రేకు పడింది. ఆ గీతల మధ్య అది ఆగిన తీరు చూసి, సున్నపు గీతలే కాస్త వంకరగా గీశామేమోనని మా గుమాస్తా అనుమానపడ్డాడు. సంతకం పెట్టాను. తుక్కు వ్యాపారి ఇంకోసారి రేకు మీద కొట్టి విని, బస్టాండు దాకా దింపగలరా అని అడిగాడు. దింపారు. ఆ వారం గురువారం ఎప్పటిలాగే గురువారమే వచ్చింది.

నెల తర్వాత పై కార్యాలయం నుంచి మెమో: చీటీలో పేర్కొన్న 'దాపల', 'వలపల' అను విడిభాగములు ఏ కంపెనీవి, వాటికి ఆమోదము కలదా, సంజాయిషీ ఇవ్వవలెను. ఒక్క వాక్యంలో జవాబిచ్చాను: 'అవి విడిభాగములు కావు, ఎద్దులు.' తిరుగు మెమో రాలేదు.

చీటీ రాసేవాడు సీటులోంచి చూస్తాడు, చదివేవాడు చక్రం ముందు కూర్చుంటాడు. ఇద్దరికీ ఎడమ ఒకటే అనుకోవడం నేను చేసిన తప్పు. దానివల్ల ఒక బండి తుక్కులోకి పోబోయింది. ఆ తర్వాత ఉద్యోగం మానేదాకా ఏ చీటీలోనైనా 'డ్రైవరు సీటులోంచి చూడగా' అని ముందు రాశాను. మెకానిక్కుని పిలిచి, చెప్పిన చక్రం మీద చెయ్యి వెయ్యమన్నాను. చెయ్యి సరైన చక్రం మీద పడ్డాకే చీటీ చేతికిచ్చాను.