గుండ్రటి దారానికి మొదలు చూపిన మేడం

మేడం పోయారన్న మాట నాకు వాళ్ల తమ్ముడి నోట, అశోక్‌నగర్‌లో వాళ్ల గేటు ముందు, పొద్దున ఏడున్నరకు తెలిసింది. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో ఉన్నట్టే వెళ్లిపోయారట. నేను ఆవిడను ఆటోలో తీసుకుపోదామని వెళ్లాను. పదకొండింటికి మా బిడ్డకు యూనివర్సిటీలో పిహెచ్‌డి వైవా. చిక్కడపల్లిలో మా ఇంటికి ఖాళీ ఆటోతో తిరిగొచ్చాను.

"మేడం ఏరి నాయినా?" అంది బిడ్డ, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ.

"మోకాళ్లు నొస్తున్నయంట బిడ్డా. నువ్వు పో. అయినంక రమ్మన్నరు."

ఆ అబద్ధం ఎలా వచ్చిందో నాకే తెలియదు. చెబితే ఆ పిల్ల అక్కడ నోరు తెరవలేదని మాత్రం తెలుసు. ఎనిమిదేళ్ల కష్టం ఆ ఒక్క పూటలో ఉంది.

నేను పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీని. ఏడో తరగతితో సరి. మేడం ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైనవారు. వాళ్ల ప్రహరీ కట్టేటప్పుడు మా బిడ్డ నాకు అన్నం డబ్బా తెచ్చింది. "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగారు. అంతే, ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం అది వాళ్ల వెనక వరండాలోనే. మేడం కూర్చుని పాఠం చెప్పగా నేను చూడలేదు. కొంగులో సుద్దముక్క ముడేసుకుని అటూ ఇటూ తిరుగుతూ చెప్పేవారు. "తెలియదు అన్నవాడికే రేపు పని ఉంటుంది" అనేవారు.

పెద్దయ్యాక మా బిడ్డ పట్టిన పని, వైరస్ తన నకళ్లు తీయడం ఎలా మొదలుపెడుతుందన్నది. అదేమిటో నాకూ చెప్పమని మేడంను అడిగాను.

"వైరస్ దగ్గర సొంత సామాను తక్కువ మేస్త్రీ గారూ. మన కణంలోకి దూరి, మన సామానుతోనే నకళ్లు తీయించుకుంటుంది."

"మా కూలీల అడ్డా మీద గూడ ఉంటరు మేడం గట్లాంటోళ్లు. పార మనది, కూలి ఆళ్లది!"

ఎంత నవ్వారో! డిఎన్‌ఏ అంటే మెలేసుకున్న రెండు పోగులని, వాటిని విడదీస్తేనే నకలని చెప్పారు. సిమెంటు సంచి కుట్టులాగేనా అన్నాను. సరైన కొస దొరికితే ఒక్క లాగుకు సర్రున విడుతుంది, లేకపోతే గోళ్లు విరుగుతాయి.

"సంచికి కొస ఉందండీ. మీ అమ్మాయి చూసే వైరస్‌లో అది గాజులా గుండ్రం. కొసే లేదు. మరి మొదలెక్కడ?"

రెండు రోజులు తాపీ చేతిలో ఉన్నా మనసంతా ఆ గాజు మీదే. మూడో రోజు పని వదిలేసి పోయి అడిగాను. ఆ గుండ్రంలో ఒకచోట అక్షరాల వరస ప్రత్యేకంగా ఉంటుందట. వైరస్ ప్రొటీన్ ఆ వరసను గుర్తుపట్టి పట్టుకుంటుంది. ఒకటి చాలదు, ఇంకొన్ని వచ్చి చుట్టూ చేరతాయి. అప్పుడు పోగులు విడతాయి. కంటికి కనబడని దానికి ఇంత పద్ధతి! నాకు ఒళ్లు పులకరించింది.

ఆ సంతోషంలోనే ఒక తప్పు చేశాను. ఉగాదికి చెప్పకుండా వెళ్లి వాళ్ల వెనక వరండాకు సున్నం కొట్టాను. గోడ మీద సుద్దతో వాళ్లిద్దరూ మూడు నెలలుగా గీసుకున్న బొమ్మంతా దాని కింద పోయింది. బిడ్డ ఏడ్చింది. మేడం మాత్రం, "ఏ మందూ చంపలేని వైరస్‌ను ఒక్క కుంచెతో చంపారమ్మా మీ నాన్న!" అన్నారు. బిడ్డ చేతికి బొగ్గుముక్క ఇచ్చారు. "గీయి." అది గబగబా నకలు తీసే సామాను గీసింది. మేడం చెయ్యి పట్టి ఆపారు. "తొందర. ముందు పట్టుకోవాలి. తర్వాత విప్పాలి. నకలు ఆ తర్వాత." చూడకుండా గీయడం ఆ రోజే వచ్చిందని బిడ్డ ఇప్పటికీ అంటుంది.

వైవా రోజు నా కాళ్లు ఒకచోట నిలిస్తే ఒట్టు. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ, మళ్లీ వెనక్కి. మేడం ఇంటికి వెళ్లి కూర్చోలేను, ఇంట్లోనూ ఉండలేను. ఆవిడ చెల్లెలు బెజవాడ నుంచి రావాలని, నాలుగింటిదాకా మేడంను ఇంట్లోనే ఉంచుతామన్నారు. మూడింటికి నారాయణగూడ స్టాపులో బస్సు ఆగకముందే బిడ్డ దూకింది.

"నాయినా, అయింది! డాక్టర్ అన్నరు!"

నడిరోడ్డు మీద పట్టుకుని ఎగిరాను. మేస్త్రీ బిడ్డ డాక్టరైందని సోడాబండి అతనికీ చెప్పాను. నవ్వుతూనే ఏడుపు ఆగలేదు.

"ఏడుస్తవేంది నాయినా?"

చెప్పాను. నా చెయ్యి వదిలేసింది.

"పొద్దుగాల్నే ఎరుకనా నీకు?"

"ఎరుకే బిడ్డా."

అశోక్‌నగర్ దాకా ముందు నడిచింది. ఒక్కసారీ వెనక్కి చూడలేదు.

ముందుగదిలో చాప మీద మేడం ఉన్నారు. బిడ్డ తల దగ్గర కూర్చుంది. ఏడవలేదు.

"మేడం, అయిదు ప్రశ్నలడిగిన్రు. మొదటి ప్రశ్న గదే. ప్రొటీన్ ఆ చోటునే ఎందుకు పట్టుకుంటది, పక్కన ఎందుకు పట్టదు అని. మంచిగ చెప్పిన. రెండోది సులువే. మూడోదాంట్ల జర తడబడ్డ..."

అడిగిందీ చెప్పిందీ వరసగా చెబుతోంది. గదిలో ఏడుస్తున్నవాళ్లు ఊరుకున్నారు. తమ్ముడు గుమ్మంలోకి వచ్చి, "వ్యాన్ వచ్చిందమ్మా" అన్నారు.

నేను అడ్డంగా నిలబడ్డాను. "జర ఆగుండ్రి సార్. ఇంకా రెండు ప్రశ్నలున్నయి."

ఆయన లోపలికొచ్చి నేల మీద కూర్చున్నారు. బయట వ్యాన్ ఇంజన్ ఆగింది. మా బిడ్డ మేడం నుదుటి మీద వెంట్రుక సరిచేసి, నాలుగో ప్రశ్న మొదలుపెట్టింది.