బయటికి తెరుచుకునే తలుపు

మొన్న మిర్యాలగూడలో ఒక ఐసు ఫ్యాక్టరీ భద్రత చూడటానికి వెళ్లాను. మెషిన్ రూములో అడుగు పెట్టగానే, చల్లదనం కోసం వాడే అమ్మోనియా గ్యాసు వాసన ముక్కులో గుచ్చుకుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓనరు కుర్రవాడు, "అలవాటు లేనట్టున్నది మేడం" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ వాసనతో నా చుట్టరికం ఈనాటిది కాదు. ఆ చుట్టరికం కలిపింది మా రామచంద్రం సారు.

ఎనభైల చివర్లో ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు పూర్తిచేసి, సూర్యాపేటలో ఆయన ఆఫీసులో ప్లాన్లు గీసే పనికి చేరాను. సారు ఇంజనీరు. మిల్లుల బాయిలర్ గదులకు, కోల్డ్ స్టోరేజీలకు ప్లాన్లు ఇచ్చేవారు. పొట్టి మనిషి, ముక్కు మీద కోపం. ఫ్యాక్టరీల భద్రతా నిబంధనల పుస్తకానికి బడిపిల్లల్లా అట్ట వేసుకుని, ఎక్కడికెళ్లినా చంకలో పెట్టుకునేవారు. బజారులో వెనక నవ్వుకునేవాళ్లు. మొదట్లో నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

ఆ ఏడు కోదాడ సావుకారు ఒకాయన మిరపకాయల కోల్డ్ స్టోరేజీ పని ఇచ్చాడు. మాకున్న పెద్ద పని అదొక్కటే. అది పోతే ఆఫీసు మూతపడుతుంది, నా కొలువూ పోతుంది. సారు ప్లానులో మెషిన్ రూముకు రెండో తలుపు పెట్టించారు, దక్షిణం గోడకు, బయటికి తెరుచుకునేలా. సారు లేనప్పుడు సావుకారు వచ్చి ప్లాను చూశాడు.

"సరళమ్మా, దక్షిణాన తలుపెవరన్నా పెడతరా? అదీ బయటికి తెరిచేది. లక్ష్మిని మెడబట్టి తోలినట్టే. తీసెయ్, లేకుంటే వేరే ఇంజనీరును చూసుకుంట."

ట్రేసింగు కాగితం మీది ఇంకును బ్లేడుతో గీకి తలుపు తీసేశాను.

సాయంత్రం సారు కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశారు. "ఎవరు గీకిన్రు?"

"నేనే సారూ. పని పోతదని భయమైంది."

తిడతారనుకున్నాను. ఆయన లేచి ఆఫీసు తలుపు దగ్గరికి వేశారు. "కండ్లు మూసుకో. ఊపిరి బిగవట్టు. గది నిండ గ్యాసున్నదనుకో. ఇగ బయటికి పో."

కుర్చీలకు తగులుకుంటూ పరుగెత్తి, రెండు చేతులతో తలుపును నెట్టాను. కదల్లేదు. మళ్లీ నెట్టాను. ఊపిరి ఆగక నోరు తెరిచేశాను. రోజూ లోపలికి గుంజి తెరిచే తలుపే అది.

"సూసినవా బిడ్డా? భయపడ్డ మనిషి నెట్టుతడు గని గుంజడు. ఈ పుస్తకం రాసినోళ్లకు అది ఎరుక. మల్ల గియ్యి. కింద నీ పేరు రాయి."

అప్పటిదాకా ఏ ప్లాను మీదా నా పేరు లేదు.

మర్నాడు ఆ ప్లానుతో ఇద్దరం కోదాడ బస్సెక్కాం. సావుకారు మొహం మాడ్చుకున్నాడు. సారు ఒకటే అడిగారు: "మీ కొడుకును గా రూముల పనికి పెడ్తరా? పెడ్తనంటే ఇప్పుడే తలుపు తీసేస్త."

సావుకారు ప్లానును తన వైపు తిప్పుకుని, ఆ తలుపు గీత మీద వేలు పెట్టి చూశాడు. చివరికి, "సరే పెట్టుండ్రి. గుమ్మడికాయ కట్టించుకుంట" అన్నాడు.

"కట్టుకోండ్రి. తలుపుకు అడ్డం రాకుంట కట్టుండ్రి" అన్నారు సారు.

కొన్నేళ్లకు ఒక మధ్యాహ్నం అక్కడ పైపు జాయింటు పగిలి గ్యాసు కమ్మింది. మొదటి తలుపు వైపే పొగలు. లోపల ఆపరేటరు యాదగిరి, ఊడ్చే లచ్చమ్మ. కళ్లు కనిపించక తడుముకుంటూ వెళ్లి దక్షిణం తలుపును నెట్టారు. నెట్టగానే తెరుచుకుంది. కబురంది మేం వెళ్లేసరికి లచ్చమ్మ వేపచెట్టు కింద దగ్గుతూ నీళ్లు తాగుతోంది. తోపులాటలో గుమ్మడికాయ తెగిపడి గడప బయట ముక్కలై ఉంది.

సావుకారు దానికి దండం పెట్టి, "దిష్టంతా ఇదే తీసుకున్నది సారూ" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. తలుపు కాపాడితే గుమ్మడికాయకు దండమా అని తిరుగు బస్సులో అన్నాను. సారు పుస్తకం ఒళ్లో పెట్టుకుని నవ్వారు. "పేరు గుమ్మడికాయకే పోనియ్ బిడ్డా. మనుషులు బయటికొచ్చిన్రు కద."

ఆ మాటకు ఆ రోజు ఎంత గర్వపడ్డానో, ఇవాళా అంతే గర్వపడతాను. అట్ట మార్చి మార్చి ఆ పుస్తకాన్ని నేనే దాచుకున్నాను.

ఐసు ఫ్యాక్టరీ మెషిన్ రూముకు రెండో తలుపైతే ఉంది. లోపలికి తెరుచుకుంటోంది. "వాస్తు మేడం, బయటికి పెట్టొద్దన్నరు" అన్నాడు ఓనరు. నేను చంకలోని పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, ఆ తలుపు దగ్గరికి వేశాను.

"కండ్లు మూసుకో నాయనా" అన్నాను. "ఊపిరి బిగవట్టు."