ఆత్మకూరు బస్టాండులో క్యారమ్ బోర్డు

ఆత్మకూరు బస్టాండులో నేనూ, ఎనిమిదేళ్ల మా అమ్మాయీ వనపర్తి బస్సు కోసం కూర్చున్నాం. పక్కనే ఒక పెద్దమనిషి పాత క్యారమ్ బోర్డును మోకాళ్లకు ఆనించుకుని ఉన్నాడు. గద్వాలలో చీరలు నేస్తాడట. అమ్మాయి చూపంతా బోర్డు మీదే ఉండటం గమనించి, దాన్ని బెంచీ మీద పెట్టి, బిళ్లలు పేర్చి, స్ట్రైకర్ ఆమె చేతికిచ్చాడు.

అమ్మాయి గురి చూసినప్పుడల్లా నేను "అట్లా కాదమ్మా, వేలు ఇట్లా పెట్టు" అంటూ చెయ్యి పట్టుకుంటున్నాను. ఆయన మెల్లగా నా చేతిని తీసి పక్కన పెట్టాడు.

"మగ్గం మీద ఒక్క పోగు తప్పినా చీర ఖరాబైతది సారూ. అందుకే మేం చెయ్యి పట్టుకొనే నేర్పుతం. మా పిలగానికి ఈ ఆట గూడ గట్లనే నేర్పిన. వాడు బోర్డు ముట్టుడే బంద్ జేసిండు. మా అక్క పిల్లలన్న ఆడుకుంటరని తీస్కపోతున్న."

ఇంతలో అమ్మాయి కొట్టిన స్ట్రైకర్, బిళ్లను వదిలేసి తనే నేరుగా గుంటలో పడింది. తను పకపకా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు.

ఆ వారమే అమ్మాయికి కొత్త బోర్డు కొన్నాను. మొదటి సాయంత్రమే స్ట్రైకర్ మళ్లీ గుంటలో పడింది. తను నవ్వబోయి ఆగిపోయింది. అప్పటికే నా చెయ్యి తన చేతి మీద ఉంది.

బీరువా వెనక ఆ బోర్డు ఇప్పటికీ కొత్తగానే ఉంది.