రెండు నిమిషాల పరీక్ష

ఆవిడ పేరు నేను అడగలేదు. ఆ రోజు అమలాపురం నుంచి రాజోలు వెళ్లే బస్సులో ఫోన్ పట్టుకుని మిత్రుడి దగ్గర మండిపడుతున్నాను. నా పాత కారును పొద్దున్నే స్టార్ట్ చేస్తే, యాక్సిలరేటర్ తొక్కకుండానే ఇంజను హోరెత్తుతోంది. ఒక మెకానిక్ ప్లగ్గులు మార్చాడు. ఇంకొకడు సెన్సర్ మార్చాడు. మూడోవాడు ఇంజను విప్పాలన్నాడు, విప్పమన్నాను. వీళ్లు ఊహలను వైద్యంగా అమ్ముతున్నారని తిట్టి ఫోన్ పెట్టేశాను.

పక్క సీటావిడ రొయ్యల చెరువులకు మేత వ్యాను నడుపుతుందట. అంతా విని, "వేడెక్కేక ఆ హోరు తగ్గుతుందాండి?" అంది.

"ఏమోనమ్మా, చిరాకేసి వెంటనే ఆపేస్తాను."

"అయ్యో! చల్లటి ఇంజను కాసేపు గట్టిగానే తిరుగుద్దండి. వేడెక్కి దానంతటదే తగ్గితే జబ్బే లేదండి. తగ్గకపోతే ముందు గొట్టాలు చిట్లి గాలి లాగుతుందేమో చూడాలండి. చెరువులో దింపిన ట్రేలో పాత మేత మిగిలిందో లేదో చూడకుండా మేం గుప్పెడు మేతైనా వెయ్యమండి మాస్టారూ!"

నలభై ఏళ్లుగా హేతువాదిగా వేదికలెక్కి ఆధారం చూపమని ఎదుటివాళ్లను గద్దించినవాణ్ణి. రెండు నిమిషాలు ఆగి చూడాలని నాకు ఒక్కనాడూ తోచలేదు.

ఆవిడ దిగిపోగానే మెకానిక్‌కు ఫోన్ చేసి ఇంజను ముట్టుకోవద్దన్నాను.

"పొద్దున్నే విప్పేసేనండి," అన్నాడతను. "తొందరగా విప్పమని మీరే కదండీ కేకలేసేరు!"